స్కాలర్‌షిప్ జీతం కాదు సార్

ఇప్పుడే విశాఖ ద్వారకానగర్‌లో ట్యాక్స్ రిటర్నులు వేసే కన్సల్టెంటు దగ్గర నుంచి ఇంటికొచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. భుజం మీది బ్యాగు కూడా దించకుండా ఇది రాస్తున్నాను.

మా తమ్ముడు పీహెచ్‌డీ చేస్తున్నాడని మీలో చాలామందికి తెలుసు. జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, నెలకి 37,000. ల్యాబు వదిలి రావడం కుదరదంటే వాడి 2024-25 ఆదాయపు పన్ను రిటర్ను వేయించడానికి నేను వెళ్ళాను. ఆ కన్సల్టెంటు బ్యాంకు స్టేట్‌మెంటు చూశాడు, పన్నెండు నెలలదీ కలిపి 4,44,000 అని కొట్టాడు, తీసుకెళ్ళి 'ఇతర ఆదాయం'లో పడేశాడు. "సార్, అది ఫెలోషిప్ అండీ, సెక్షన్ 10(16) కింద మినహాయింపు ఉంది కదా" అన్నాను. తల కూడా ఎత్తలేదు. "తేడా ఏముందమ్మా? ఎలాగూ రిబేట్ వస్తుంది, ట్యాక్స్ సున్నాయే కదా" అన్నాడు.

తేడా ఏముందా!

చదువు ఖర్చుకి ఇచ్చే స్కాలర్‌షిప్ మీద పన్ను లేదని ఈ రిటర్నుకి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టంలోనే ఉంది. ఇంత దాటితే కట్టాలన్న పరిమితి కూడా లేదు. నేనేం దాచమనలేదు. మినహాయింపు ఆదాయానికి వేరే గడి ఉంది, ఐటీఆర్-1 ఫారంలో అక్కడ నొక్కితే 10(16) వస్తుంది, మొత్తం అంకె అందులో వేయమన్నాను. అప్పుడు డబ్బు రిటర్నులో కనబడుతుంది, పన్ను లెక్కేసే ఆదాయంలో కలవదు. రిబేట్ అలా కాదు. ఇదంతా నా ఆదాయమే అని ముందు ఒప్పుకోవాలి, 2024-25కి కొత్త పన్ను విధానంలో ఉన్న 7 లక్షల పరిమితి దాటలేదు కాబట్టి పన్ను వదిలేస్తారు. రేపు వాడికి ఉద్యోగమొచ్చి, అదే ఏడాది సగం ఫెలోషిప్, సగం జీతం కలిసి పరిమితి దాటితే అప్పుడేం చెబుతాడీయన? సేవింగ్స్ ఖాతాలో వడ్డీ పడింది, అది ఆదాయమే, వేయమనండి. ఎక్కడైనా క్లాసులు చెప్పి జీతం తీసుకుంటే అదీ వేయమనండి. చదువుకోమని ఇచ్చిన డబ్బుని మాత్రం ముట్టుకోవద్దు.

అసలా డబ్బయినా నెలనెలా వస్తే కదా. పోయిన ఏడాది నాలుగు నెలలది ఆగి ఒకేసారి పడింది. ఆ నాలుగు నెలలూ నా గొలుసు తాకట్టులో ఉంది. వాడు ల్యాబుకి కెమికల్స్ కొన్నది ఆ డబ్బుతోనే.

ఈ 'ఎలాగూ సున్నాయే' అన్న మాట మా ఇంట్లో ఇది రెండోసారి. అందుకే నాకింత మంట. నాన్న కొత్త ఆటో లోనుకి వెళ్తే, రిటర్ను ఉంటే తొందరగా అవుతుందన్నారు. సున్నా పన్నుతో వేయించారు. ఏడాది తిరిగేసరికి చెల్లి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. అడిగితే, స్క్రీన్ మీద మా ఇంటికి 'ఐటీ పేయర్' అని వస్తోందన్నారు. ఒక్క రూపాయి పన్ను కట్టలేదండీ! రిటర్ను వేశారంతే. ఆ రిటర్ను కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నాన్న గాజువాకలో ఆఫీసు చుట్టూ తిరిగారు. తిరిగిన రోజు ఆటో బయటికి వెళ్ళదు, ఆటో వెళ్ళకపోతే ఆ రోజు ఇంట్లోకి డబ్బు రాదు. ఫీజు కడితేగానీ హాల్‌టికెట్ ఇవ్వమంది కాలేజీ. పరీక్షకి ముందురోజు రాత్రి అమ్మ పక్కింటికి అప్పుకి వెళ్ళింది. పక్కింటి తలుపు ముందు అమ్మ అలా నిలబడటం నేను గేటు దగ్గర నుంచి చూశాను.

ఏడాదికి రెండున్నర లక్షలు దాటితే పిల్లల ఫీజు పోయే ఇళ్ళు మావి. అలాంటి ఇంట్లో ఒక కాగితం మీద 4,44,000 ఆదాయం అని పడితే ఏమవుతుందోనని ఎంత టెన్షన్ ఉంటుందో రోజూ రిటర్నులు వేసే మనిషికి తెలియదా? చెల్లికి ఇంకా ఏడాది చదువుంది.

కాగితాలన్నీ వెనక్కి తీసుకుని వచ్చేశాను. తమ్ముడు రాగానే ఈ రాత్రే మేమే వేసుకుంటాం. ఓటీపీ వాడు చెబుతాడు. 10(16) గడిలో ఆ అంకె నా చేత్తో నేనే కొడతాను.