ఎల్‌టీ అంటే లోకువ వద్దు

11 కేవీ లైను ఎక్కాలంటే సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ (సరఫరా ఆపించి పనిచేసేందుకు అనుమతి) తీసుకునే లైన్‌మన్, అదే ట్రాన్స్‌ఫార్మర్ కింది ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) ఫ్యూజు పెట్టె దగ్గరకు వచ్చేసరికి సరఫరా ఉండగానే చేయి పెడుతున్నాడు. దాన్ని అతని నిర్లక్ష్యంగా కొట్టిపారేయడం అన్యాయం. ఒక్క ఇంటి కోసం వీధంతా కరెంటు తీస్తారా అని జనం, ఫిర్యాదు ఇంకా ఎందుకు తీరలేదని పైవారు తరుముతుంటే, నాలుగు వందల వోల్టులేగా అన్న ధీమా డిస్కంలలో కింది నుంచి పై వరకు పాతుకుపోయింది. ఆ ధీమాకు ఏ ఆధారమూ లేదు.

షాక్ వేరు, ఆర్క్ ఫ్లాష్ వేరు. స్క్రూడ్రైవరో, ఊడిన తీగ కొసో రెండు ఫేజుల మధ్య తగిలితే గాలిలోనే కరెంటు పారి, సుమారు 19 వేల డిగ్రీల సెల్సియస్ దాకా చేరగల మెరుపు పుడుతుంది. రాగి, అల్యూమినియం ఆవిరై ఎగజిమ్ముతాయి. తీగను తాకని మనిషికి కూడా ముఖం, చేతులు కాలిపోతాయి, చూపు పోవచ్చు. షాక్ తగలకుండా ఆపే రబ్బరు తొడుగు ముఖాన్ని కాపాడలేదు.

కరెంటు ఎంత, అది ఎంతసేపు పారిందన్నదే ఇక్కడ అసలు లెక్క. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ బుషింగుల (తీగలు బయటికి వచ్చే చోటు) దగ్గర షార్టయితే దాదాపు 3 వేల ఆంపియర్లు పారుతాయి. 11 కేవీ వైపు అది 120 ఆంపియర్లు కూడా ఉండదు, ఆర్క్ అయితే ఇంకా తక్కువ. పదుల ట్రాన్స్‌ఫార్మర్లను మోసే 11 కేవీ లైనుకు, అంటే ఫీడర్‌కు, అది మామూలు లోడు పెరిగినట్టే కనిపిస్తుంది కనుక సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ పడకపోవచ్చు. పెట్టెలోని ఫ్యూజులకు ముందు, ట్రాన్స్‌ఫార్మర్ వైపు పుట్టిన మంటను ఆ ఫ్యూజులు ఆపలేవు. ఇక దిక్కు పైన 11 కేవీ వైపున్న హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజే. పూర్తి లోడులో అయిదు ఆంపియర్ల పైచిలుకు మోసే ఆ చోట సరైన తీగ ఉంటే త్వరగా తెగుతుంది. మాటిమాటికీ పోతోందని నాలుగు పోగులు మెలేసి కడితే, మంట మనిషి ముఖం మీద సెకన్ల తరబడి ఆడుతుంది. మోటార్లన్నీ ఒకేసారి నడిచే రోజుల్లో ఆ తీగ మెలేసింది పంట ఎండుతోందన్న ఆదుర్దాలో ఉన్న రైతే కావచ్చు. కాలేది మాత్రం మర్నాడు వచ్చిన లైన్‌మన్. ఓవర్‌లోడైన ట్రాన్స్‌ఫార్మర్‌ను మార్చకుండా రైతును, లైన్‌మన్‌ను తప్పుపట్టే హక్కు డిస్కంలకు లేదు.

అమెరికాలో 2014లో సవరించిన ఓషా (కార్మిక భద్రతా సంస్థ) నిబంధనలు ఆర్క్ వేడిని ముందే అంచనా వేయాలని, ఆ ముప్పున్న చోట ఒంటికి కరిగి అంటుకునే బట్టలు వేసుకోనివ్వరాదని కంపెనీలనే బాధ్యులను చేశాయి. మన దగ్గర పాలిస్టర్ చొక్కాతో స్తంభం ఎక్కే ఆర్టిజన్లు, కాంట్రాక్టు కార్మికులు ఎంతమందో! మంటను తట్టుకునే దుస్తులు, ముఖ కవచం పర్మినెంటు ఉద్యోగులతో పాటు వీరికీ ఇవ్వాలని మేము కోరుతున్నాము.

అంతకంటే ముందు చేయాల్సిన పని చవకైనది. ట్రాన్స్‌ఫార్మర్‌కు సరఫరా ఆపే ఏబీ స్విచ్‌లు తుప్పుపట్టి కదలడం లేదు, వాటిని బాగుచేస్తే, లైన్‌మన్ కొద్ది నిమిషాలు సరఫరా ఆపి, టెస్టర్‌తో చూసుకుని ఫ్యూజు వేయగలడు. స్విచ్ పనిచేయని ట్రాన్స్‌ఫార్మర్ల జాబితాను ప్రతి సెక్షన్ ఆఫీసు వెల్లడించాలి. అవి బాగయ్యే వరకు ఎల్‌టీ పనికి కూడా ఫీడర్ ఎల్‌సీ ఇవ్వాలని, ఆలస్యానికి లైన్‌మన్‌ను సంజాయిషీ అడగరాదని డిస్కంల సీఎండీలు రాతపూర్వకంగా ఆదేశించాలి.