ఉండవల్లి దండయాత్ర

విష్ణుకుండినుల కాలంలో ఉండవల్లి కొండను తొలిచి నాలుగంతస్తుల గుహాలయం నిలబెట్టారు. వాళ్లకి క్రేన్లు లేవు, కరెంటు లేదు, అన్నిటికంటే ముఖ్యంగా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు లేదు. ఉండుంటే ఉలి ఎవరు తేవాలన్న దగ్గరే ఆగిపోయేది పని.

విజయవాడలో మా ఇంటి నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి కాస్త ముందుకెళ్తే ఉండవల్లి. మహా అయితే అరగంట. ఆ అరగంటకి మావాళ్లు ఏడు వారాలు ప్లానింగ్ చేశారు. గ్రూపు పేరు 'ఈ ఆదివారం ఉండవల్లి'. ఏ ఆదివారం అని మాత్రం అడక్కూడదు. వరదొస్తే బ్యారేజీ 70 గేట్లు ఎత్తడానికి ఒక్క ఆర్డరు చాలు. మా ఇంట్లో మూడు కార్లు కదలాలంటే పదిహేడు మంది థంబ్ పెట్టాలి. పెదనాన్నకి థంబ్ పెట్టడం రాదు, దండం పెడతారు. దాన్ని ఒప్పుకోలు కింద తీసుకోవాలా, వదిలేయమని వేడుకోలు కింద తీసుకోవాలా అని రెండు రోజులు చర్చ.

ఇక గుంటూరు బాబాయి. "బాబాయ్, గుహలు మీ ఒడ్డునే ఉన్నాయి. మంగళగిరి మీదుగా నేరుగా అక్కడికే వచ్చేయండి" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు.

"పరాయివాళ్లలాగా అక్కడ కలుసుకోవడమేంట్రా? మీ ఇంటికొచ్చి కాఫీ తాగి, అందరం కలిసే బయల్దేరదాం."

అంటే గుంటూరులో బయల్దేరి, వారధి మీద కృష్ణ దాటి, మా ఇంట్లో కాఫీ తాగి, బ్యారేజీ మీద మళ్లీ కృష్ణ దాటి, పొద్దున తాము దాటొచ్చిన ఒడ్డుకే చేరుకోవాలన్నమాట. సముద్రగుప్తుడు కూడా దక్షిణాదికి ఇంత చుట్టు తిరిగి వచ్చి ఉండడు. ఏకగ్రీవంగా ఆమోదించారు.

మా బావమరిది సాఫ్ట్‌వేరు. ఎక్సెల్ షీటు వేశాడు. ఎవరు ఏ కారు, ఎవరి ఒళ్లో ఎవరు, వాంతులయ్యేవాళ్లకి ఏ కిటికీ, అన్నీ రంగులతో సహా. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ముందు సీటని రాశాడు. ఆ సాయంత్రానికి మా వంశంలో నొప్పిలేని మోకాలు మిగల్లేదు. ఎనిమిదో తరగతి చదివే మేనల్లుడు కూడా కుంటుతూ వచ్చాడు.

అదే షీటులో 'పులిహోర' అని ఒక గడి ఉంది. పక్కన ఎవరి పేరూ లేదు. అది తెల్లారేసరికి దానంతటదే తయారవుతుందని మా ఇంట్లో అందరి నమ్మకం. మీ ఇంట్లోనూ అంతే కదా.

మా అమ్మ మూడున్నరకి లేచింది. పెళ్లయి ఈ ఊరొచ్చి నలభై ఏళ్లు దాటింది, ఉండవల్లి గుహలు చూడలేదు. "పడుకున్న స్వామిని ఒక్కసారి చూడాలిరా" అని ఎన్నేళ్లుగానో అంటోంది. అసలు ఈ యాత్రకి మూలమే ఆ మాట.

గుహల ముందు పచ్చికలో దుప్పటి పరిచారు. పులిహోర అయిపోయింది. లేచి చేతులు దులుపుకుంటూ బావమరిది అన్నాడు: "అత్తయ్యా, మీకు ఆ మెట్లెందుకు? హాయిగా కూర్చోండి, సంచులు చూసుకుంటూ."

హాయిగానట! ఆ సంచుల్లో ఏముంది? రెండు ఖాళీ డబ్బాలు, సగం తాగిన కూల్‌డ్రింకు, విప్పేసిన స్వెట్టర్లు. ఈ చెత్త ఎవడెత్తుకుపోతాడని, నలభై ఏళ్లు ఎదురుచూసిన మనిషిని కింద కాపలా పెట్టారు? ఏడు వారాలు, పదిహేడు మంది, అన్ని రంగుల షీటు! అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించడానికి ఒక్క గడి వెయ్యడం ఒక్కడికీ తోచలేదు. ముందు సీటుకి పనికొచ్చిన మోకాళ్లన్నీ గబగబా పైకెక్కేశాయి. నావి కూడా. సిగ్గులేకుండా రాస్తున్నాను, నావి కూడా.

పైన ఇరవై అడుగుల అనంతపద్మనాభుడు, ఏకశిల, చల్లటి చీకట్లో పడుకుని ఉన్నాడు. మావాళ్లు ఆయన్ని చూడలేదు, ఆయనకి వీపులు తిప్పి సెల్ఫీలు తీసుకున్నారు.

దిగొచ్చాక అమ్మ అడిగింది, "ఎలా ఉన్నాడురా స్వామి?"

ఫోను ఇచ్చాను. తెరమీద బావమరిది మొహం, పక్కన మేనల్లుడి రెండు వేళ్లు, వెనక ఎక్కడో స్వామి పాదాలు. అమ్మ కళ్లద్దాలు సర్దుకుని, పులిహోర పసుపు ఇంకా వదలని వేళ్లతో ఆ పాదాల దగ్గర ఫొటోని పెద్దది చేసుకుంటూ పోయింది. పెద్దదయ్యేకొద్దీ అది మసకబారింది. అయినా ఫోను కళ్లకద్దుకుంది.

ఈలోగా గ్రూపులో మెసేజొచ్చింది: "నెక్స్ట్ కొండపల్లి కోట. పులిహోర సూపర్."