చెమట చేతికి 70 వోల్టులు చాలు

"వెల్డింగ్ కరెంటు ఏం చేస్తుంది, ఎనభై వోల్టులు కూడా ఉండదు" అనే మాట పని నేర్చుకునే కుర్రాడికి మొదటి రోజే చెబుతారు. పొడి నేల మీద, పొడి చేతులతో చేసేవాడికి ఆ ధీమా చాలాసార్లు చెల్లిపోతుంది. గోదావరి డెల్టాలో చెల్లదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టు మీద, కోత మిషను దిగబడిన చేలో, కాలవ పక్క రేకుల షెడ్డులో కింద నేల తడి, పైన ఉక్కపోత. బనీను పిండితే నీళ్లు కారతాయి.

ఆర్క్, అంటే రాడ్ కొసకీ ఇనుముకీ మధ్య లేచే మెరుపు, వెలుగుతున్నప్పుడు హోల్డర్ (రాడ్ పట్టుకునే పిడి) దగ్గర ఉండేది 20 నుంచి 30 వోల్టులే. ఆర్క్ ఆగగానే అది 60, 70, ఒక్కోసారి 80కి ఎగబాకుతుంది. అందుకే షాక్ ఎక్కువగా కొట్టేది అతుకు వేసేటప్పుడు కాదు, రాడ్ మార్చేటప్పుడు. కుర్రాడు చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఫ్రేము మీదే గొంతుకూర్చుని ఉంటాడు. గ్లౌజు తడిసి బిగుసుకుపోయిందని తీసి పక్కన పడేశాడు. ఎడమ చెయ్యి ఇనుము మీద, కుడి చేతిలో హోల్డర్, ఆ దవడలో కొత్త రాడ్ దూరుస్తున్నాడు. తడి ఒంటి నిరోధం వెయ్యి ఓమ్‌లకు పడిపోతే 70 వోల్టులకి 70 మిల్లీ యాంపులు ఒక చేతి నుంచి రెండో చేతికి, మధ్యలో గుండె మీదుగా పోతుంది. ఏసీ కరెంటు అందులో పావు వంతు ఉన్నా చాలు, కండరాలు పట్టేసి పిడికిలి విడిపించుకోలేడు.

"మాకు 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఉంది" అనే చెరువు యజమానులు ఒక సంగతి తెలుసుకోవాలి. అది మెషీన్ బాడీకి, లైను వైరుకి కాపలా. ట్రాన్స్‌ఫార్మర్ అవతల, హోల్డర్ వైపు కరెంటు లైనుతో సంబంధం లేని వేరే వలయం. అక్కడ మనిషి పట్టుబడినా ఆర్‌సీసీబీకి తెలియదు, పడిపోదు. అది ఉండాల్సిందే, కానీ ఈ షాక్‌కి అది మందు కాదు.

మందు చవకైనదే. పొడి చెక్క పలక, దాని మీద రబ్బరు మ్యాటు. తోలు గ్లౌజులు రెండు జతలు, ఒకటి ఎండలో ఆరుతుంటే ఇంకొకటి చేతికి. పగిలిన హోల్డర్‌కి టేపు చుట్టడం కాదు, మార్చెయ్యాలి. కింద పెట్టేటప్పుడు అందులో రాడ్ ఉండకూడదు. ఎర్త్ క్లాంపు, అంటే కరెంటు మెషీన్‌కి తిరిగెళ్లే తీగ పట్టు, అతుకు పక్కనే బిగించాలి. ఫ్రేము ఆ చివర తగిలిస్తే కరెంటు గేర్‌బాక్స్ బేరింగుల గుండా దారి వెతుక్కుని గుంటలు పెడుతుంది. కొత్త మెషీన్ కొనేవాళ్లు డీసీ ఇన్వర్టర్, అందులోనూ వీఆర్‌డీ (వోల్టేజీ తగ్గించే పరికరం) ఉన్నది అడిగి తీసుకోవాలి. ఆర్క్ లేనప్పుడు అది వోల్టేజీని 35కి లోపే ఆపేస్తుంది.

ఇక కళ్లు. మేస్త్రి ముఖానికి నల్ల అద్దం ఉంటుంది, ముక్క పట్టుకున్న హెల్పర్‌కి మాత్రం "కళ్లు మూసుకో" అని ఒక మాట. ఈ పద్ధతి మన షెడ్లలో ఇంకా సాగుతుండటం అన్యాయం. 3.15 మిల్లీమీటర్ల రాడ్‌ని 100 యాంపులకి అటూఇటూ కాల్చినప్పుడు ఇద్దరికీ 10 లేదా 11 నంబరు అద్దం కావాలి. గ్యాస్ కటింగ్ కళ్లద్దాలు దీనికి ఆగవు. దెబ్బ వెంటనే తెలియదు, అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. అప్పుడు చనుబాలు, ఉల్లిరసం పొయ్యకండి. చల్లటి తడిగుడ్డ వేసి, తెల్లారగానే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు మీద తెల్లపొగ లేస్తే అది జింకు. ఇనుము కరగడానికి సుమారు 1,500 డిగ్రీలు కావాలి, జింకు 907 దగ్గరే ఆవిరైపోతుంది. పీల్చినవాడికి కొన్ని గంటలకి వణుకుతో జ్వరం వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. పాలు, బెల్లం దాన్ని ఆపలేవు. అతుకుకి అటూఇటూ రెండేసి అంగుళాలు పూత గ్రైండ్ చేసి, గాలి పక్క నుంచి వీచేలా కూర్చోవాలి. ముఖానికి కట్టిన తువ్వాలు ఈ పొగని ఆపదు. ఆయాసం వస్తే మాత్రం ఆసుపత్రికి వెళ్లి, జీఐ మీద పని చేసిన సంగతి తప్పకుండా చెప్పాలి.

గట్టు మీద పని మొదలెట్టే ముందు మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి. స్తంభానికి కొక్కెం తగిలించి కరెంటు లాగిన చోట స్విచ్చే ఉండదు, అక్కడ పని ఒప్పుకోకూడదు. ఎవరైనా పట్టుబడితే ముందు స్విచ్ కట్టెయ్యాలి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోవాలి. అందుకే స్విచ్ హెల్పర్‌కి పది అడుగుల లోపు ఉండాలి, దారిలో కేబుళ్లు, పైపు ముక్కలు అడ్డం ఉండకూడదు.