99వ తెర మీద అంతా బాగుంది

తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి. కంపార్ట్‌మెంట్లో గంటల తరబడి కూర్చుని, రెండు క్షణాల చూపు దక్కేలోపే "జరగండి జరగండి" అనిపించుకున్నవాణ్ణి. దర్శనం గురించి నాకు ఒకరు చెప్పేదేముందిలే అనుకునేవాణ్ణి. మొన్న బాలాజీ కాలనీలో మా అక్క కొడుకు ఇంటికి పోయాక ఆ పొగరు దిగింది. వాడి అప్లికేషన్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే టెస్టుల కోసం, రాత్రంతా సర్వర్లో తెరుచుకుని, బటన్లు నొక్కించుకుని, ఫారాలు నింపించుకుందట. చూసిన నరుడు లేడు.

"మానిటర్ ఏదిరా?"

"లేదు మామా. ఎక్స్‌వీఎఫ్‌బీ అని ఉత్తుత్తి తెర ప్రోగ్రాం పెట్టినాం. బొమ్మంతా మెమరీలోనే గీస్తుంది. తెర నంబరు 99."

మిగతా 98 ఎక్కడున్నాయని అడిగాను. అసలు తెరకు మామూలుగా 0 ఇస్తారు, దానికి తగలకుండా దూరం నంబరు పెట్టుకుంటారట. మడి అన్నమాట.

ఇదేం నిన్నటి మాయ కాదు. దాని పేరులోని ఎక్స్, 1984లో ఎంఐటీలో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థది. తెర మీద కిటికీలు గీసే ఆ వ్యవస్థలో గీయమని అడిగే అప్లికేషన్ వేరు, గీసే ప్రోగ్రాం వేరు, దాన్నీ సర్వర్ అనే అంటారు. గీసింది గాజు మీదా, గాల్లోనా అని అప్లికేషన్ ఆరా తీయదు. అడ్డం 1280, నిలువు 1024 చుక్కలు, చుక్కకు 4 బైట్లు. మొత్తం 5 ఎంబీతో తెర సిద్ధం. కరెంటు బిల్లు లేదు, దుమ్ము తుడిచే పని లేదు.

ఆ రాత్రి ఒక టెస్ట్ మాత్రం ఫెయిలైంది. స్క్రీన్‌షాట్ చూపించాడు. నల్లటి తెరకు ఎడమ పైమూల ఒక కిటికీ. పైన పేరు పట్టీ లేదు, మూసే ఇంటూ గుర్తు లేదు. అప్పుడే కల్యాణకట్ట నుంచి వచ్చినట్టుంది. కిటికీలకు పట్టీలూ గుర్తులూ తగిలించే విండో మేనేజర్ అనే ప్రోగ్రాం నడపకపోతే అంతేనట. ఫారం వెడల్పు 1400 చుక్కలు కావడంతో 'సేవ్' బటన్ కుడి అంచు దాటిపోయింది. పాపం మౌస్ బాణం అంచు దాకా పోయి, అక్కడే ఆగి, శూన్యాన్ని నొక్కింది.

బటన్ని లోపలికి జరుపుతాడనుకున్నా. తెరనే 1920కి పెంచాడు. పచ్చ టిక్కు పడింది.

ఇంటికొచ్చి నా 1366 చుక్కల వెడల్పు లాప్‌టాప్‌లో తెరిస్తే 'సేవ్' లేదు. ఫోన్ చేశాను.

"టెస్ట్ పాసయింది కదా మామా!"

వాదించలేదు. మా వీధి కాలువలో ఏటా పూడిక తీసినట్టు కాగితాల మీద ఉంటుంది, నేనెప్పుడూ చూడలేదు. ఆ పని ఏ నంబరు తెర మీద జరుగుతోందో ఇన్నాళ్లకు అర్థమైంది. పోయిన వానకు గుమ్మం ఎక్కిన నీళ్లు మాత్రం 0వ తెర మీదే వచ్చాయి.