చెక్క కీబోర్డు కొన్న పాపానికి

మూడు వేలు పోసి చెక్క కీబోర్డు కొన్నాను. తీరా చూస్తే అది వెదురు. వెదురు గడ్డిజాతి అని చిన్నప్పుడు చదివిందే, డబ్బు కట్టేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

మొదటి నెల బాగానే ఉంది. ఇంటికొచ్చినవాళ్లంతా వేలితో తడిమి "భలే ఉందే" అన్నారు. జూలైలో ముసురు పట్టింది. మాది కాకినాడ, అసలే సముద్రపు గాలి. వానాకాలంలో మా వీధి తలుపే ఉబ్బి గడపకు పట్టేస్తుంది, ఇక ఈ బిళ్లలెంత? స్పేస్ బార్ ఓ పక్క నొక్కితే ఇంకో పక్క లేస్తుంది. 'ఎ' దిగితే మళ్లీ పైకి రాదు. మేనేజరుకి పంపిన మెయిల్లో నా పేరు మధ్య పద్దెనిమిది 'ఎ'లు!

కోపమొచ్చి విప్పాను. లోపల అదే రబ్బరు పొర, అదే ప్లాస్టిక్, ఆరొందల కీబోర్డులో ఉండేవే. పైన మాత్రం వెదురు తొడుగు. అక్షరాలు లేజరుతో కాల్చినవి. ఆ గాట్లలో చేతి జిడ్డు, మిక్చర్ కారం చేరి నల్లబడ్డాయి. తడిగుడ్డ తగలకూడదట!

ఏటికొప్పాకలో అంకుడు కర్రకి లక్క పట్టించి చేసిన లక్కపిడతలు మా అమ్మమ్మ కొన్నవి ఇంకా రంగు పోలేదు. వాటిమీద మేం చిన్నప్పుడు నీళ్లేం ఖర్మ, పప్పుచారే పోశాం.

ఇది పాత ప్లాస్టిక్ కీబోర్డు మీదే కొడుతున్నా. వెదురుది టీవీ పక్కన షోకేసులో ఉంది. మా ఆవిడ రోజూ పొడిగుడ్డతో తుడుస్తూ "మూడు వేలండీ" అంటుంది, నాకు వినపడేలా.