ఐదేళ్ల నాటి జిమ్ బిల్లుకు ‘కొంచెం కట్టి టైమ్ అడగండి’ అన్న సలహా వినకండి

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. మా చుట్టాల గ్రూపులో వచ్చింది, కాలనీ గ్రూపులోనూ వచ్చింది. సారాంశం ఇది: ‘జిమ్‌కో, క్లబ్‌కో మెంబర్‌షిప్ ఫారం మీద సంతకం పెడితే ఎన్నేళ్లయినా బాకీ బాకీయే. కట్టకపోతే సిబిల్ స్కోర్ పోతుంది, పోలీస్ కేసు అవుతుంది. కొంచెం కట్టి టైమ్ అడిగితే సేఫ్.’

నాకు వచ్చిన బిల్లు చూశాక ఇది చదివితే ఒళ్లు మండింది. 2019లో హన్మకొండలో ఒక జిమ్‌లో ఏడాదికి చేరాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది, నా ఏడాదీ అయిపోయింది, మళ్లీ వెళ్లలేదు. 2025 ఆగస్టులో వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది: 2020 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి ‘ఆటో రెన్యూవల్’ (అడగకుండానే మెంబర్‌షిప్ పొడిగించడం) 12,000 రూపాయలు, జీఎస్టీ 2,160, లేట్ ఫీ 6,000. మొత్తం 20,160. మా బావకు చూపిస్తే, ‘ఓ రెండు వేలు కొట్టి పడేయ్‌రా, లొల్లి ఒడుస్తది’ అన్నాడు. మెసేజ్ చెప్పేదీ అదే.

లొల్లి ఒడవదు. ఇలాంటి బాకీ కోసం కోర్టుకు వెళ్లడానికి 1963 నాటి లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లు. ఆ గడువు ఉండగా బాకీ ఉందని రాసి సంతకం పెడితే, లేదా కొంత కట్టి ఆ సంగతి మన రాతలో ఉంటే, మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. ఆ చట్టంలో సెక్షన్లు 18, 19 చెప్పేది ఇదే. గడువు దాటాక కొంత కట్టినంత మాత్రాన చచ్చిన బాకీ లేచి రాదు. కానీ ‘మిగతాది కడతాను’ అని రాసి సంతకం పెడితే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25 కింద అది కొత్త ఒప్పందం అయిపోతుంది. ఫోన్‌లో ‘సార్, చిన్న సెటిల్‌మెంట్ ఫారం, సంతకం పెడితే చాలు’ అంటున్నారంటే వాళ్లకు కావలసింది రెండు వేలు కాదు, ఆ సంతకం. ‘టైమ్ ఇవ్వండి’ అని మెయిల్ కొట్టినా రేపు దాన్నే చూపిస్తారు.

‘ఎన్నేళ్లయినా’ అన్న మాట ఎలాగూ నిలబడదు. అయితే గ్రూపులో ఎవరో ‘మూడేళ్లు దాటింది, చించి పారెయ్’ అని జవాబిచ్చారు. అదీ తొందరపాటే. కోవిడ్ వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు కాలాన్ని సుప్రీంకోర్టు గడువు లెక్కలోంచి తీసేసింది. 2020 ఏప్రిల్ 1న కట్టాల్సిందని వాళ్లు చెప్పే డబ్బుకు లెక్క 2022 మార్చి 1న మొదలై, 2025 ఫిబ్రవరి చివరికి ముగిసింది. అందుకే ఆగస్టులో వచ్చిన బిల్లుకు నేను ధీమాగా ఉన్నాను. అదే 2024లో వచ్చి ఉంటే గడువు ఇంకా మిగిలే ఉండేది. ఏటా ఫీజు పడే హాలిడే క్లబ్బుల విషయంలో ఏ ఏడాది ఫీజుకు ఆ ఏడాది లెక్క విడిగా వేసుకోవాలి. పాతవి పోయినా ఈ మధ్యవి బతికే ఉండొచ్చు.

సిబిల్ సంగతికొస్తే, అక్కడికి వివరాలు పంపేది అప్పులిచ్చే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల్లాంటివి. వీధి చివరి జిమ్ కాదు. ఒక్క మెలిక ఉంది: ఫైనాన్స్ కంపెనీ ఈఎంఐ మీద మెంబర్‌షిప్ తీసుకుని ఉంటే అది అప్పే, ఎగ్గొడితే స్కోర్ మీద పడుతుంది. అనుమానం ఉంటే ఏడాదికోసారి ఉచితంగా రిపోర్ట్ తీసి చూసుకోవచ్చు.

పోలీస్ కేసు అన్నది ఉత్త బెదిరింపు. ఫీజు బాకీ సివిల్ వ్యవహారం, వసూలు చేసిపెట్టడం పోలీసుల పని కాదు. వీడియో కాల్‌లో యూనిఫాం చూపించి డబ్బడిగితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లాయర్ నోటీసు కూడా కోర్టు ఆర్డర్ కాదు. కానీ కోర్టు సమన్లు వస్తే మాత్రం తప్పకుండా వెళ్లాలి. గడువు దాటిన దావాను కోర్టు కొట్టేయాల్సిందే అయినా, మనం లేకుండా డిక్రీ (డబ్బు కట్టమనే కోర్టు తీర్పు) పడితే దాన్ని తీయించుకోవడం పెద్ద తలనొప్పి.

మెసేజ్‌లో అసలు లేని విషయం ఒకటుంది, బిల్లును బిల్లులా చదవడం. నా బిల్లులో ఫీజు మొదలైన ఏప్రిల్ 1న దేశంలో జిమ్‌లన్నీ మూతబడి ఉన్నాయి. మళ్లీ తెరవనిచ్చింది ఆగస్టు 5 నుంచి. నాలుగు నెలలు తాళం వేసిన గదికి ఫీజా! పైగా 18 శాతం జీఎస్టీ వేశారు కదా, ఆ లెక్కన ట్యాక్స్ ఇన్వాయిస్ అప్పుడే ఇచ్చి ఉండాలి, ఐదేళ్లకు కాదు.

నేను రాసింది నాలుగే లైన్లు: ‘ఈ బాకీని నేను ఒప్పుకోవడం లేదు. నా సంతకం ఉన్న ఫారం, అందులో ఆటో రెన్యూవల్ షరతు, 2020 నాటి ట్యాక్స్ ఇన్వాయిస్ కాపీలు పంపండి. లేట్ ఫీ ఏ షరతు కింద వేశారో చెప్పండి. ఇకపై ఏదైనా రాతపూర్వకంగానే పంపండి.’ హన్మకొండ హెడ్ పోస్టాఫీసు నుంచి స్పీడ్ పోస్ట్ చేసి, రసీదు ఫొటో తీసి పెట్టుకున్నాను. వేధింపు ఆగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదు.

జిమ్ నుంచి ఇంతవరకు జవాబు రాలేదు. బావ మాత్రం నిన్న ఆ రసీదు ఫొటో పంపమన్నాడు. ఆయనకూ ఏదో క్లబ్ నుంచి బిల్లు వచ్చిందట.