ఒకటో నంబరు "హలో"

ప్రాజెక్టు కోడుని ఒక హోస్టింగ్ సైటు నుంచి ఇంకోదానికి తరలించడం నిమిషం పని. కోడు మార్పుల చరిత్ర దాచే గిట్ అనే పనిముట్టులో క్లోన్ ఆదేశానికి మిర్రర్ తగిలించి పాత చోటి నుంచి దించుకోవడం, గిట్ పుష్‌కి అదే మిర్రర్ తగిలించి కొత్త చోటికి తోసెయ్యడం, అంతే. బ్రాంచీలనే కోడు పాయలు, ట్యాగులనే గుర్తులు అన్నీ వెళ్ళిపోతాయి. ఎక్కడికి తోయాలన్నది తేల్చడానికి మాత్రం నలుగురు వాలంటీర్లున్న ప్రాజెక్టుకు మూడు నెలలు పట్టింది. ఒకాయన 2016లో మూతపడ్డ గూగుల్ కోడ్ అనే హోస్టింగ్ సైటుని తలుచుకుని నిట్టూర్చాడు. ఇంకొకాయన అలాంటి సైటే అయిన గిట్‌హబ్‌ని 2018లో మైక్రోసాఫ్ట్ కొన్న సంగతి ఆ పూటే తెలిసినట్టు మండిపడ్డాడు. మూడో ఆయన సొంత సర్వరే మేలన్నాడు. బ్యాకప్ ఎవరు చూస్తారని అడగ్గానే ఆయన నెట్ పోయింది.

ఎలాగో చోటు ఖాయమైంది. నాలుగో ఆయన అక్కడ ఖాళీ రిపాజిటరీ (ప్రాజెక్టు కోడు ఉండే గది) తెరిచి, పనిచేస్తోందో లేదో చూద్దామని ఒక ఇష్యూ, అంటే ఫిర్యాదు చీటీ, రాశాడు. శీర్షిక "హలో". దానికి ఒకటో నంబరు పడింది. మర్యాదస్తుడు కాబట్టి వెంటనే చెరిపేశాడు కూడా.

ఇష్యూ చెరిగిపోయింది గానీ నంబరు తిరిగి రాలేదు. ఇలాంటి చోట్ల ఒకసారి ఇచ్చిన నంబరు మళ్ళీ ఇంకెవరికీ ఇవ్వరు. ఆ సంగతి తెలియని ఆయన స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము), పాత ఇష్యూలను ఏపీఐ (ప్రోగ్రాములు సైటుతో మాట్లాడే దారి) ద్వారా వరసగా ఎక్కించేసింది. పాత 1 కొత్త 2 అయింది, పాత 2 కొత్త 3 అయింది. పాత చోట మెర్జ్ రిక్వెస్టుల (నా మార్పులు కలపండి అనే అర్జీల) నంబర్ల వరస వేరు కాబట్టి తేడా ఒక్కటితో సరిపోయింది. గిట్‌హబ్‌లోలాగా ఇష్యూలకూ పుల్ రిక్వెస్టులకూ (అక్కడ ఆ అర్జీల పేరు అదే) ఒకటే వరస అయివుంటే ఆ గల్లంతు లెక్కపెట్టడానికి ఇంకో వాలంటీరు కావాల్సొచ్చేది. ఫోర్జెయో, గిటీ అనే హోస్టింగ్ సాఫ్ట్‌వేర్లలో వలసకు తయారుగా ఒక ఫారం ఉంటుంది. ఇష్యూలు, లేబుళ్ళు, మైలురాళ్ళు అని గడులకు టిక్కులు పెట్టి టోకెన్ (పాస్‌వర్డు లాంటి తాళం) ఇస్తే పాత నంబర్లతో సహా తెచ్చుకుంటుంది. కానీ ఫారం నింపితే స్క్రిప్టు రాసిన ఆనందం ఎక్కడిది?

ఇక అసలు ముచ్చట. పాత 214: "సేవ్ నొక్కితే ఫైలు ఖాళీ అయిపోతోంది." పాత 213: "లోగోలో ఆకుపచ్చ నాకు నచ్చలేదు." సేవ్ బగ్గుకి మందు ఒక బ్రాంచీలో ఎప్పట్నుంచో పడి ఉంది. కమిట్ సందేశంలో, అంటే మార్పుతో పాటు రాసే వివరణలో, బుద్ధిగా "ఫిక్సెస్ #214" (214ని సరిచేస్తుంది) అని రాసి ఉంది. అది మెయిన్ అనే అసలు బ్రాంచీలో కలవగానే కొత్త చోటు తన ధర్మం తాను నిర్వర్తించింది. 214 పరిష్కారమైందని మూసేసింది. కొత్త 214 అంటే లోగో. సేవ్ బగ్గు 215లో నిక్షేపంగా తెరిచే ఉంది.

ఇంతలో స్క్రిప్టు ఇంకో ఉపకారం చేసిపెట్టింది. ఏపీఐతో ఎక్కించినవన్నీ టోకెన్ ఎవరిదైతే వాళ్ళు రాసినట్టే కనబడతాయి. అంటే ఆరేళ్ళ ఫిర్యాదులన్నీ హలోగారి సొంతమే. అది బాగుండదని ఒక్కోదాని పైనా "అసలు రాసినవారు" అంటూ ఎట్ (@) గుర్తుతో పేరు చేర్చాడు. ఆ పేరుతో అక్కడ ఖాతా ఉన్నవాళ్ళకల్లా మెయిళ్ళు వెళ్ళాయి. ఆరేళ్ళ కిందట ఆకుపచ్చ నచ్చని మనిషికి "మీ సమస్య పరిష్కారమైంది" అన్న కబురూ వెళ్ళింది. పాపం, వచ్చి చూసి రాశాడు: "చాలా సంతోషం. రంగు మాత్రం అలాగే ఉందండీ."

దాని కింద ఇప్పటికి పదిహేడు జవాబులు. లోగో నీలం చేద్దామని తీర్మానం కూడా అయింది. 215 వైపు ఎవరూ తొంగిచూడలేదు.

రిపాజిటరీ మొత్తం తీసేసి ఒకటి నుంచి ఎక్కించడం తప్ప దారి లేదని హలోగారికి నచ్చజెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఆఖరికి సరేనన్నాడు. కొత్తది తెరిచాడట, ముందు ఒక్క ఇష్యూ పెట్టి చూశాడట, బాగానే పనిచేస్తోందట.